ప్లేయరు మాటలు మనకూ రావాలి

"ఇంట్లో పాత డీవీడీ ప్లేయరు ఉంది, ఎవరికైనా కావాలా? లేకపోతే పడేస్తున్నాం" అన్న మెసేజీ మన గుంపుల్లో తరచూ వస్తూనే ఉంటుంది. దాని కింద నాలుగు నవ్వు బొమ్మలు, "ఇంకా ఉందా అక్కా మీ దగ్గర!" అన్న మాట ఒకటి. అంతటితో ఆ డబ్బా కథ ముగుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న డిస్కులన్నీ ఒకసారి వేసి చూసుకునేదాకా ప్లేయరుని పడేయకండి. ఇంకో మాట. ఆ డబ్బా మీదా, డిస్కు మీదా ఉండే ఓ పది పన్నెండు మాటలకి అర్థం ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసి తీరాలి. "అదంతా మెషీన్ల గోల, మావారు చూసుకుంటారు" అని వదిలేసే విషయం కాదిది. ఎందుకంటే ఆ సొరుగులో ఉన్నవి సినిమాలు మాత్రమే కాదు. మన పెళ్ళిళ్ళు, సీమంతాలు, పిల్లల అన్నప్రాసనలు, అమ్మమ్మల మాటలు అన్నీ అందులోనే ఉన్నాయి.

సినిమా పోయినా ఫరవాలేదు. పాత సినిమా ఏదో ఒక యాప్‌లో దొరుకుతుంది, దొరక్కపోయినా కొంపలు మునగవు. కానీ 2004లో తెనాలిలోనో, కరీంనగర్‌లోనో జరిగిన మీ పెళ్ళి ఏ యాప్‌లోనూ లేదు. వీడియో తీసిన స్టూడియో ఇప్పుడు ఉందో లేదో, ఉన్నా మన టేపు దాచారో లేదో ఎవరికి తెలుసు? ప్రపంచం మొత్తం మీద ఆ పెళ్ళి ఉన్నది మీ దగ్గరున్న డిస్కులోనూ, మహా అయితే పుట్టింట్లో బీరువాలో ఉన్న ఇంకో డిస్కులోనూ.

కాలం మన కోసం ఆగడం లేదు

డీవీడీ ప్లేయర్లు మొదట 1996 చివర్లో జపాన్‌లో, 1997లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. మన ఊళ్ళలో అంతకుముందు క్యాసెట్లు, ఆ తర్వాత వీసీడీలు, 2000 దాటాక డీవీడీలు. 2007లో మోజర్ బేర్ వాళ్ళు సినిమా డిస్కుల్ని ముప్పై రూపాయల చుట్టుపక్కల ధరకి అమ్మడం మొదలుపెట్టాక ప్రతి ఇంట్లోనూ గుట్టలు పడ్డాయి. సెలవులకి వెళ్ళిన వాళ్ళు సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన డిస్కులు పెట్టుకుని తెచ్చుకున్నారు.

ఇప్పుడు చూడండి. క్యాసెట్లు ఆడించే వీసీఆర్ తయారీని ఆఖరి కంపెనీ 2016లో ఆపేసింది. ఇంటికి పోస్టులో డీవీడీలు పంపే పనిని నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ముగించింది. అమెరికాలో బెస్ట్ బై దుకాణాలు 2024లో సినిమా డిస్కులు అమ్మడం మానేశాయి. ఇంట్లో రాసుకునే బ్లూ-రే ఖాళీ డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపింది. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే అరే ఉండడం లేదు. అంటే డిస్కు మన దగ్గర ఉండి, దాన్ని చదివే సాధనం మాత్రం బజార్లోంచి ఒక్కొక్కటిగా మాయమవుతోంది. పెట్టె ఉండి తాళంచెవి పోయినట్టు!

అందుకే ఇప్పుడే ఆ మాటలు నేర్చుకుందాం. ఒక్కో మాట దగ్గర దాని వల్ల మనకొచ్చే ఉపయోగం కూడా చెబుతాను.

రీజన్ అంటే రేషన్ కార్డు

సినిమా డిస్కు అట్ట వెనకాల చిన్న భూగోళం బొమ్మలో ఒక అంకె కనబడుతుంది. అదే రీజన్ కోడ్. అమెరికా, కెనడాలకి 1. బ్రిటన్, యూరప్, గల్ఫ్ దేశాలు, దక్షిణాఫ్రికా, జపాన్‌లకి 2. మలేషియా, సింగపూర్‌లకి 3. ఆస్ట్రేలియాకి 4. ఇండియాకి 5. చైనాకి 6. సినిమా ఒక్కో దేశంలో ఒక్కో తేదీన, ఒక్కో ధరకి అమ్ముకోవడం కోసం కంపెనీలు పెట్టుకున్న గోడలివి. ఏ ఊరి రేషన్ కార్డు ఆ ఊరి షాపులోనే చెల్లినట్టు, ఏ అంకె డిస్కు ఆ అంకె ప్లేయర్లోనే ఆడాలన్నది వాళ్ళ లెక్క.

అట్ట మీద "ఆల్" అనో "0" అనో ఉంటే గోడ లేదని అర్థం. విదేశాల్లో మనవాళ్ళ కోసం అమ్మిన తెలుగు సినిమా డిస్కులు చాలావాటి మీద "ఆల్ రీజన్స్" అనే ఉండేది. బ్లూ-రేకి అంకెలు కాదు, అక్షరాలు. అమెరికా, మలేషియా, జపాన్‌లు ఏ. యూరప్, గల్ఫ్, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలు బీ. ఇండియా, చైనాలు సీ. తర్వాత వచ్చిన 4కే బ్లూ-రే డిస్కులకి ఈ గోడలు లేవు.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. మన పెళ్ళి డిస్కుకీ, పుట్టినరోజు డిస్కుకీ రీజన్ కోడ్ ఉండదు. అది కంపెనీ సినిమాలకి వేసే తాళం. స్టూడియోలో కంప్యూటర్ మీద రాసిచ్చిన డిస్కుకి మామూలుగా ఆ తాళం వేయరు. "ఇండియా రీజన్ కదండీ, ఇక్కడ ఆడదు" అని ఎవరైనా చెబితే నమ్మి పడేయకండి. ఆడకపోవడానికి కారణం వేరే ఉంది.

పాల్, ఎన్‌టీఎస్‌సీ: అసలు కిటుకు ఇక్కడుంది

టీవీ బొమ్మని పంపడానికి ప్రపంచంలో రెండు పెద్ద పద్ధతులు నడిచాయి. అమెరికా, కెనడా, జపాన్‌లలో ఎన్‌టీఎస్‌సీ. ఇండియా, బ్రిటన్, గల్ఫ్, మలేషియా, దక్షిణాఫ్రికాలలో పాల్. ఎన్‌టీఎస్‌సీ డీవీడీలో బొమ్మకి 480 గీతలు, సెకనుకి సుమారు 30 బొమ్మలు. పాల్‌లో 576 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. గజాల్లో కొలిచేవాళ్ళకీ, మీటర్లలో కొలిచేవాళ్ళకీ ఉన్నంత తేడా అన్నమాట. బట్ట ఒకటే, కొలబద్ద వేరు.

పాల్ దేశాల్లో అమ్మిన ప్లేయర్లు చాలామటుకు రెండు పద్ధతుల్నీ ఆడిస్తాయి. అమెరికాలో అమ్మిన ప్లేయర్లు చాలావాటికి ఎన్‌టీఎస్‌సీ తప్ప ఇంకోటి తెలియదు. అందుకే అమెరికాలో తీసిన మనవడి పుట్టినరోజు డిస్కు విజయవాడలో తాతగారింట్లో హాయిగా ఆడుతుంది. విజయవాడలో తీసిన పెళ్ళి డిస్కు అమెరికాలో మొరాయిస్తుంది. ఆడదని మెసేజీ వస్తుంది, లేదా బొమ్మ పైకీ కిందకీ దొర్లుతుంది, లేదా రంగుల్లేకుండా వస్తుంది. డిస్కు చెడిపోయిందనుకుని చెత్తబుట్టలో వేసిన ఇళ్ళు నాకు తెలుసు. చెడిపోయింది డిస్కు కాదు, పాపం.

దీనికి ఖర్చులేని మందు కంప్యూటరు. కంప్యూటరుకి పాల్, ఎన్‌టీఎస్‌సీ అన్న పట్టింపు లేదు. యూఎస్‌బీ తీగతో తగిలించే చిన్న డీవీడీ డ్రైవ్ ఒకటి కొని, వీఎల్‌సీ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిస్తే మన పెళ్ళి వచ్చేస్తుంది. సినిమా డిస్కుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజన్ మార్చడానికి అయిదు అవకాశాలే ఇస్తారు. అయిదోసారి ఏది పెడితే అదే స్థిరపడిపోతుంది. అడిగిన ప్రతిసారీ "ఓకే" నొక్కుతూ పోకండి.

వీసీడీ, డీవీడీ, బ్లూ-రే: చూడ్డానికి ఒకటే గుండ్రం

మూడూ 12 సెంటీమీటర్ల వెడల్పే. లోపల కథ వేరు. వీసీడీ అంటే మామూలు సీడీలో వీడియో. గంటా పావు చిల్లర మాత్రమే పడుతుంది కాబట్టే మన సినిమాలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి. బొమ్మ కూడా మసకే, పాల్‌లో 288 గీతలు. డీవీడీలో ఒక పొరకి 4.7 జీబీ, రెండు పొరలుంటే 8.5 జీబీ. బ్లూ-రేలో ఒక పొరకి 25 జీబీ, రెండిటికి 50.

డిస్కు మీద గుర్తులు ఎంత చిన్నవిగా ఉంటే అంత సరుకు పడుతుంది. చిన్న గుర్తుల్ని చదవాలంటే కాంతి కిరణం కూడా సన్నగా ఉండాలి. డీవీడీని ఎర్ర కిరణం చదువుతుంది, బ్లూ-రేని నీలి ఊదా కిరణం చదువుతుంది. లావు దబ్బనంతో సన్న పూసలు గుచ్చలేం కదా, అందుకే డీవీడీ ప్లేయర్లో బ్లూ-రే ఆడదు. బ్లూ-రే ప్లేయర్లో రెండు రకాల కిరణాలూ ఉంటాయి కాబట్టి డీవీడీ కూడా ఆడుతుంది. ఇప్పుడు ఎవరైనా కొత్తగా కొనాలనుకుంటే బ్లూ-రే ప్లేయరే కొనడం మేలంటాను. కాకపోతే పాల్ ఆడుతుందా, వీసీడీ ఆడుతుందా అని అడిగి కొనండి. కొన్నిట్లో ఆడవు.

ఫైనలైజ్ అంటే జాడీకి వాసెన కట్టడం

2000ల మధ్యలో చిన్న డిస్కు పెట్టే వీడియో కెమెరాలు వచ్చాయి గుర్తుందా? 8 సెంటీమీటర్ల బుల్లి డిస్కు, ఒక్కోదాంట్లో మామూలు నాణ్యతతో అరగంట. చాలామంది పిల్లల మొదటి అడుగులు అందులోనే ఉన్నాయి. ఆ డిస్కు ఇప్పుడు ప్లేయర్లో పెడితే "ఖాళీ డిస్కు" అని వస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది.

కంగారు పడకండి. చాలాసార్లు కారణం ఫైనలైజ్ చేయకపోవడం. కెమెరా డిస్కు మీద రాస్తూ పోతుంది, ఇంకా రాయాల్సింది ఉందేమోనని చివర ముగింపు పెట్టదు. మనం "ఫైనలైజ్" అని నొక్కితేనే విషయసూచిక రాసి ముగిస్తుంది, అప్పుడే మిగతా ప్లేయర్లు చదవగలవు. ఆవకాయ జాడీకి వాసెన కట్టి పక్కన పెట్టడం లాంటిదే ఇది. కట్టకుండా ఊరు దాటిస్తే దారిలో ఏమవుతుందో మనకి తెలుసు. పాత కెమెరా ఇంట్లో ఉంటే, ఛార్జరుతో సహా దాచండి. దాంతోనే ఇప్పుడైనా ఫైనలైజ్ చేయవచ్చు. ఆ బుల్లి డిస్కుని బయటికి వచ్చే ట్రే ఉన్న ప్లేయర్లోనే లోపలి చిన్న గుంటలో పెట్టండి. సందులోకి తోసే రకం వాటిలో పెడితే ఇరుక్కుపోతుంది.

"డీవీడీ మైనస్ ఆర్", "ప్లస్ ఆర్" అనేవి ఒక్కసారి రాసుకునే డిస్కులు. చివర "ఆర్‌డబ్ల్యూ" ఉంటే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. అంటే పొరపాటున చెరిగిపోయే ప్రమాదం కూడా ఉన్నట్టే. ఇంట్లో ఆర్‌డబ్ల్యూ డిస్కులుంటే ముందు వాటిని కాపీ చేసుకోండి.

తీగల రంగులు

పసుపు, ఎరుపు, తెలుపు తీగలు మూడూ ఉంటే పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ వైపు శబ్దానికి, ఎరుపు కుడి వైపు శబ్దానికి. దీన్ని కాంపోజిట్ అంటారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటే అది కాంపొనెంట్. ఆ మూడూ బొమ్మకే, శబ్దానికి వేరే రెండు తీగలు కావాలి. రెండిట్లోనూ ఎరుపుంది కాబట్టి చాలా ఇళ్ళలో అక్కడే తికమక వచ్చి, బొమ్మ ఎర్రగానో పచ్చగానో కనబడుతుంది. హెచ్‌డీఎంఐ అయితే బొమ్మా శబ్దం ఒకే తీగలో వెళ్ళిపోతాయి.

ఇంకో ముఖ్యమైన మాట కరెంటుది. ప్లేయరు వెనకాల అతికించిన కాగితం చదవండి. "100–240" వోల్టులు అని ఉంటే ఏ దేశంలోనైనా పెట్టుకోవచ్చు, ప్లగ్గు ఆకారం మారిస్తే చాలు. "120" అని మాత్రమే ఉన్న అమెరికా ప్లేయర్ని ఇండియాలోనో దుబాయ్‌లోనో నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. అమ్మావాళ్ళకి పంపించే ముందు ఈ ఒక్క కాగితం చదివితే చాలు.

లావుగా కనబడితే మీరు లావైనట్టు కాదు

పాత టీవీ తెర కొలత 4:3, ఇప్పటిది 16:9. పాత పెళ్ళి వీడియో 4:3లో తీసింది. దాన్ని కొత్త టీవీ తెర నిండా సాగదీస్తే అందరూ మూడో వంతు వెడల్పు పెరుగుతారు. "అప్పుడు నేనింత లావుగా ఉన్నానా!" అని బాధపడక్కర్లేదు. ప్లేయరు సెటప్‌లోనో, టీవీ రిమోట్‌లోనో "యాస్పెక్ట్" అన్న చోట 4:3 పెట్టండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, మనుషులు మాత్రం మళ్ళీ మనుషుల్లా ఉంటారు.

"అప్‌స్కేలింగ్" అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. పాల్ డీవీడీలో ఒక బొమ్మకి 720 అడ్డం, 576 నిలువు, మొత్తం నాలుగు లక్షల పదిహేను వేల చుక్కలు. 4కే టీవీలో ఎనభై రెండు లక్షల పైన, అంటే 20 రెట్లు. లేని చుక్కల్ని ప్లేయరో టీవీయో ఊహించి నింపడమే అప్‌స్కేలింగ్. గిన్నెడు పెరుగులో నీళ్ళు పోసి మజ్జిగ చేసి పదిమందికీ సర్దినట్టు. అందరికీ అందుతుంది, కానీ పెరుగు పెరగదు. ఇప్పటి టీవీలు ఆ పని ఎలాగూ చేస్తాయి.

1080 అంకె పక్కన "ఐ", "పీ" అక్షరాలు చూసే ఉంటారు. పీ అంటే ఒకేసారి పూర్తి బొమ్మ. ఐ అంటే ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు, రెండు సగాలుగా వచ్చే బొమ్మ. పెళ్ళి డిస్కులు ఎక్కువగా ఐ పద్ధతివే. కంప్యూటర్లో చూస్తే తలంబ్రాలు పోసే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనబడేది అందుకే. వీఎల్‌సీలో "డీ-ఇంటర్‌లేస్" ఆన్ చేస్తే సర్దుకుంటుంది.

ఇక శబ్దం. "5.1" అంటే అయిదు స్పీకర్లు, ఒకటి గుమ్మనే స్పీకరు. ఇంట్లో టీవీ తప్ప ఇంకేం లేనప్పుడు ప్లేయరు సెటప్‌లో ఆడియోని "పీసీఎం" లేదా "స్టీరియో" అని పెట్టండి. బొమ్మ వచ్చి మాట రాకపోయినా, పాటలు హోరెత్తి మాటలు వినబడకపోయినా చాలాసార్లు దాంతోనే బాగుపడుతుంది.

"మావారు చూసుకుంటారు"

ఈ మాట మీదే నాకు పేచీ. చూసుకోవద్దని కాదు. ఆయనా చూసుకోవాలి, మనమూ చూసుకోగలగాలి.

మా ఊళ్ళో ఒక పెద్దావిడ ఉన్నారు, మేమంతా అత్తయ్య అనే పిలుస్తాం. భర్త పోయి రెండేళ్ళయింది. ఇంట్లో తీగలు, రిమోట్లు, డిస్కులు అన్నీ ఆయన రాజ్యమే. ఆయన పోయాక ఒక సొరుగు నిండా డిస్కులు, వాటి మీద ఆయన చేతిరాత. అందులో ఏది ఎలా పెట్టాలో ఆవిడకి తెలియదు. కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు, "వచ్చినప్పుడు చూద్దాం అమ్మా" అంటాడు. ఆయన గొంతు వినాలనిపించినప్పుడు కూడా ఎవరో రావాలని ఎదురుచూడాల్సి వచ్చింది ఆవిడకి. చివరికి గుంపులో ఒక అమ్మాయి ఫోనులో మాట్లాడుతూనే "అత్తయ్యా, పసుపు తీగ పసుపు రంధ్రంలో, ఇప్పుడు టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ నొక్కండి" అంటూ చెప్పింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల జ్ఞానం లేక రెండేళ్ళు పోయాయి.

మనం ఆవకాయ కొలతలు నోటికి చెబుతాం. వీసా కాగితాల్లో ఏ నంబరు ఫారం దేనికో చెబుతాం. పిల్లల మందులు మిల్లీలీటర్లలో కొలుస్తాం. ఇవన్నీ సాంకేతిక జ్ఞానం కాదా? పాల్, పీసీఎం అన్న రెండు మాటలు అంతకన్నా కష్టమా? కష్టం కాదు. మనకి ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు, అంతే. పైగా ఆ మాటలు రానివాళ్ళకి ఏది ఉంచాలో, ఏది పారేయాలో నిర్ణయించే హక్కు కూడా చేజారిపోతుంది. "ఇవి ఆడవు, పడేద్దాం" అని ఎవరైనా అంటే, "ఆడవా? పాల్ కాబట్టి ఆడలేదేమో, కంప్యూటర్లో పెట్టి చూశారా?" అని అడగగలగాలి. ఆ ఒక్క ప్రశ్నతో ఒక పెళ్ళి బతుకుతుంది.

"అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా" అనేవాళ్ళకి

ఇదొక న్యాయమైన వాదనే. నిజంగానే ఇప్పటి ఫోటోలు, వీడియోలు ఫోన్లో, క్లౌడ్‌లో ఉన్నాయి. కానీ అవి 2012 తర్వాతవో, 2015 తర్వాతవో. అంతకుముందు పదిహేనేళ్ళు మన ఇళ్ళ చరిత్ర మొత్తం డిస్కుల మీదే ఉంది. ఆ పదిహేనేళ్ళలోనే మనలో చాలామందికి పెళ్ళిళ్ళయ్యాయి, దేశం దాటాం, పిల్లలు పుట్టారు, అమ్మమ్మలు తాతయ్యలు వెళ్ళిపోయారు.

సినిమాల విషయంలో కూడా యాప్‌లో "కొన్నాం" అనుకున్నది మనది కాకపోవచ్చు. చూసుకునే అనుమతి మాత్రమే మనకి అమ్ముతారు. ఆ సంగతి కొనేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టమే వచ్చింది. డిస్కు మాత్రం మన బీరువాలో ఉన్నంతకాలం మనదే.

అలాగని డిస్కు చిరంజీవి కాదండీ. కంపెనీ సినిమా డిస్కులో గుర్తులు అచ్చుగుద్ది ఉంటాయి. స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో రాసిచ్చిన దానిలో రంగు పూత మీద రాసి ఉంటుంది. ఎండకీ వేడికీ ఆ పూత వెలిసిపోతుంది. టెక్సాస్ గరాజ్‌లోనూ, రాజమండ్రి అటక మీదా, దోహాలో కిటికీ పక్కనా పెట్టిన డిస్కు మెల్లగా చెరిగిపోతూ ఉంటుంది, మనకి కనబడదు. అందుకే దాచుకున్నాంలే అనుకుని ధీమాగా ఉండకండి. దాచడం సగం పనే, కాపీ తీయడం మిగతా సగం.

ఏం చేద్దాం?

మొదట డిస్కులన్నీ బయటికి తీసి, వాటి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఇంటి వేడుకలవి ఒక పక్క, సినిమాలు ఒక పక్క. వేడుకలవి ముందు.

దుమ్ముంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. గుండ్రంగా తుడిస్తే పడే గీత గుర్తుల వరసవెంటే పోయి ఎక్కువ చెడుపు చేస్తుంది. డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయకండి, కాగితం చీటీలు అతికించకండి.

యూఎస్‌బీ డ్రైవ్ ప్రతి ఇంటికీ అక్కర్లేదు. ఒక గుంపుకి ఒకటి కొని, వంటపాత్రలు తిప్పుకున్నట్టు ఇల్లిల్లూ తిప్పుకుందాం. కంప్యూటర్లో డిస్కు తెరిస్తే "వీడియో టీఎస్" అనే ఫోల్డరు కనబడుతుంది. ఇంటి వేడుకల డిస్కులకి తాళం ఉండదు కాబట్టి, ఆ ఫోల్డర్ని యథాతథంగా కాపీ చేసుకుంటే చాలు. నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఫోన్లో అందరికీ పంపాలనుకుంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎంపీ4గా మార్చండి. కానీ అసలు ఫోల్డరు కూడా దాచండి. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతుంది, దాన్నే అసలు కాపీ అనుకోకండి.

కాపీలు మూడు ఉండాలి. రెండు రకాల చోట్ల ఉండాలి. ఒకటైనా వేరే ఇంట్లో ఉండాలి. ఒకటి మీ హార్డ్‌డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి చెల్లెలింట్లో. ఇండియాలో ఉన్న అక్కలూ వదినలూ ఇది చదువుతుంటే మీకో విన్నపం. మీ ఇంటి ప్లేయరు పాల్ కూడా ఆడిస్తుంది, మా ఇళ్ళలోవి ఆడించవు. ఈసారి మేం వచ్చేలోగా బీరువాలో డిస్కులు ఒకసారి వేసి చూసి, ఆడేవేవో ఆడనివేవో గుర్తు పెట్టండి. వచ్చినప్పుడు కూర్చుని కాపీలు తీసుకుందాం.

పిల్లలకి ఈ మాటలు అక్కర్లేదు. వాళ్ళ కాలానికి వాళ్ళ మాటలు వస్తాయి. అమ్మమ్మ గొంతు వాళ్ళదాకా చేరాలంటే మాత్రం, మధ్యలో ఉన్న మనకి ఈ మాటలు రావాలి. క్యాసెట్ నుంచి డిస్కుకి మన ముందువాళ్ళు మార్చుకున్నారు, డిస్కు నుంచి తర్వాతి దానికి మార్చే వంతు మనది.

ఈ వారాంతంలో ఒక్క డిస్కుతో మొదలుపెట్టండి. ఆడకపోతే "ఆడలేదు" అని రాసి ఊరుకోకండి. స్క్రీను మీద ఏం వచ్చిందో, అట్ట మీద ఏ అక్షరాలున్నాయో, ఏ దేశంలో కొన్న ప్లేయరో రాయండి. గుంపులో ఎవరో ఒకరికి జవాబు తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్ళు చెప్పడం, తెలియనివాళ్ళు మొహమాటపడకుండా అడగడం, మన గుంపులు ఉన్నదే అందుకు కదా.